వంకాయరంగు చుక్క

అబిడ్స్‌లో ఒక సెల్లార్ దుకాణం. పరశురాం పొగలు లేస్తున్న సోల్డరింగ్ ఐరన్‌ను చిప్ దగ్గరికి తీసుకెళ్లి, అక్కడే ఆపాడు. ముందు చెయ్యి చూసుకున్నాడు. వణకడం లేదు. అయినా నమ్మకం చాలక మోచేతిని బల్ల అంచుకు ఆనించుకున్నాడు.

ఈ భయం ఈమధ్య పట్టుకున్నదే. యాభై దాటిన బక్కపలచని మనిషి. వేళ్ల కొసలు కాలి కాలి గీతలు చెరిగిపోయాయి. రేషన్ షాపులో మిషన్ మీద వేలిముద్ర పడదు, ప్రతినెలా అక్కడొక తగువు. ఆ వేళ్లతోనే మూలపడ్డ పాత వీడియో గేమ్ డబ్బాలకు ప్రాణం పోస్తాడు. డిస్కు తిరగని డబ్బాలో చిన్న చిప్ అతికిస్తే మెమరీ కార్డు మీంచే ఆటలన్నీ నడుస్తాయి. చిన్ననాటి ఆట మళ్లీ ఆడుకోవాలని ముచ్చటపడే ఉద్యోగస్తులు అతన్ని వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. కొంతకాలంగా తిరిగొస్తున్నవి మాత్రం అతను చేసిచ్చిన డబ్బాలే. ఆట బాగానే మొదలవుతుంది. డబ్బా వేడెక్కిందో, తెర మీది బొమ్మ బిగుసుకుపోతుంది.

"చిప్‌లు మంచిగనే ఉన్నయ్ పరశురాం. నీ చెయ్యే వణుకుతున్నట్టుంది. ఉమర్ అయింది గదా," అన్నాడు దుకాణం యజమాని మల్లేశ్వరరావు, ఎంతో జాలిగా.

జాలట జాలి! దాన్ని నమ్మి పరశురాం చాయ్ మానేశాడు. రోజూ పొద్దున లేవగానే సూదిలో దారం ఎక్కించి చూసుకునేవాడు. ఇట్టే ఎక్కేది.

"మంచిగనే ఎక్కుతుంది గదా, ఏంటికి ఫికర్?" అనేది భార్య రజని.

దారం ఎక్కినా మనసు కుదుటపడేది కాదు. సేటు అబద్ధం ఎందుకు చెప్తాడు? పొలం పోయి పట్నం వచ్చిన నాటి నుంచీ ఈ చేతినే నమ్ముకుని బతికాడు. ఇదే పోతే తనెందుకు పనికొస్తాడు?

ఇప్పుడు బల్ల మీదున్న డబ్బా మనస్వినిది. బషీర్‌బాగ్‌లో ఉద్యోగం చేసే అమ్మాయి, చేసిందే మళ్లీ మళ్లీ చేయించుకుని విసిగిపోయింది. ఇవాళ కూడా సరిగా రాకపోతే ఆ కుర్చీలో ఇంకొకర్ని కూర్చోబెడతానని మల్లేశ్వరరావు పొద్దున్నే చెప్పేశాడు.

పరశురాం చిప్‌ను ఊడదీసి, పట్టకారుతో తిరగేసి లెన్సు కింద పెట్టాడు. కడుపు వైపు, ఒక కాలి మొదట్లో, ఆవగింజలో సగమంత వంకాయరంగు.

అది రజని గోళ్లరంగు. చెడిపోయిన చిప్ కనబడితే మళ్లీ ఎవరూ వాడకుండా దాని కడుపు మీద ఆ రంగుతో చుక్క పెట్టేది పరశురామే. పెట్టి, నాంపల్లిలో చిప్‌లు అమ్మే కిషన్‌కు వాపస్ పంపేవాడు. కిషన్ వాటిని పారేస్తాడనుకున్నాడు. ఎవరో థిన్నర్‌తో తుడిచారు, సందులో కాస్త మిగిలిపోయింది. సేటు చేత్తో ఇచ్చిన సరుకు కదా అని పరశురాం కూడా ఏనాడూ తిరగేసి చూడలేదు.

"సేటూ, ఏంది గిది? నేను ఖరాబని వాపస్ పంపిన చిప్ గిది!"

మల్లేశ్వరరావు మెట్ల వైపు ఒకసారి చూశాడు. "జర మెల్లగ మాట్లాడు. కిషన్ గవి సస్తాల, సగం ధరకే ఇస్తుండు. చానామట్టుకు నడుస్తనే ఉన్నయ్ గదా."

"అంటే మీకు తెల్సా?"

మల్లేశ్వరరావు గల్లాపెట్టెలో నోట్లు సర్దసాగాడు.

"మరి నా చెయ్యి వణుకుతుందని ఎందుకన్నవ్?" ఇన్నేళ్లలో సేటును నువ్వనడం అదే మొదలు.

"కస్టమర్లకు ఏదో ఒకటి చెప్పాలె గదా."

"కస్టమర్లకు గాదు. నాకు చెప్పినవ్."

"నీకు తెలిస్తే నువ్వు ఊకుంటవా?" అన్నాడు మల్లేశ్వరరావు, తప్పంతా ఇతనిదే అన్నట్టు.

అప్పుడు వణికింది పరశురాం చెయ్యి. కోపంతో మోచెయ్యి దాకా వణికింది. అది ఆగేవరకు కూర్చున్నాడు. అటక మీది పాత గేమ్ డబ్బాలోంచి బాగా నడిచే చిప్ ఒకటి తీసి మనస్విని డబ్బాలో అతికించి, మూత బిగించాడు. ఆట పెట్టాడు. డబ్బా వేడెక్కింది, పైన చెయ్యి పెడితే చురుక్కుమనేంతగా. అయినా బొమ్మ పరుగెడుతూనే ఉంది. దాన్ని అలాగే వదిలి లేచాడు.

"యాడికి?" అన్నాడు మల్లేశ్వరరావు.

పరశురాం మెట్లెక్కి, ఎండలో నాంపల్లి స్టేషన్ వైపు నడిచి వెళ్లిపోయాడు. రేపొస్తాడులే అనుకున్నాడు మల్లేశ్వరరావు. రాలేదు, ఆ తర్వాతా రాలేదు.

ఆ రోజు సాయంత్రమే మనస్విని వచ్చి చాలాసేపు ఆడి చూసుకుంది. మొహం వెలిగిపోయింది.

"ఈసారి ఎక్కడా ఆగలేదంకుల్! కొత్తవాళ్లతో చేయించారా?"

"ఔ మేడం. ముసలాయనకు పాపం చెయ్యి ఆగుతలేకుండె. మాన్పించేసిన."

"ముందే చేయాల్సింది," అని ఆమె డబ్బాను సంచీలో పెట్టుకుని వెళ్లిపోయింది.

కుర్చీ మీద పరశురాం తువ్వాల ఉండిపోయింది. పని చేస్తూ ఒళ్లో పరచుకునేవాడు, జారిన స్క్రూలు నేలపాలు కాకుండా. దాని మడతలో, మూత బిగించేటప్పుడు జారిపోయిన మనస్విని డబ్బా స్క్రూ ఒకటి.