పసుపు మీద బూడిద, ఆకుపచ్చ మీద బూడిద

ఏలూరు తంగెళ్ళమూడిలో మదార్ గారి మగ్గం మీద పువ్వు లేని తివాచీ ఎక్కడం అదే మొదలు. తీగ లేదు, మామిడి పిందె లేదు. అన్నీ చదరాలే. వచ్చినవాళ్ళు చూసి, "ఏవండీ, ఇది తివాచీయా, బాత్రూం టైల్సా?" అని నవ్విపోయేవారు.

ఆ చదరాలు గీసింది మదార్ కూతురు హుమా. ఆ ఇంట్లో డిగ్రీ దాకా వెళ్ళిన మొదటి మనిషి, విశాఖలో బొమ్మల చదువు చదువుకుని వచ్చింది. కొల్లేట్లో చేపల చెరువుల గట్లు కొట్టేసిన ఏడాది, స్నేహితురాలి ఊరు వెళ్ళి పడవెక్కింది. తెగిన గట్టు మీద బురద అంతా ఒక్కటే. కానీ గుర్రపుడెక్క పక్కన అది ఎరుపు తిరిగి కనిపించింది, ఎండిన గడ్డి పక్కన ఊదాగా కనిపించింది. "ఇంకోసారి వెనక్కి తిప్పండి, ఇంకోసారి!" అని పడవ నడిపే ఇస్సాకు ప్రాణం తోడేసింది. "బురదలో ఏం చూస్తున్నారమ్మా, ఏమన్నా పారేసుకున్నారా?" అన్నాడాయన.

ఆ చూసిందే నమూనాగా వేసింది. ఎడమన ముదురు ఆకుపచ్చ చదరం, కుడిన పసుపు చదరం, ఆ రెండింటిలోనూ మధ్యన ఒక్కో చిన్న బూడిద రంగు చదరం. పై వరసలో మళ్ళీ అవే. బూడిద మటుకు ఒకే బానలో అద్దిన ఒకే ఉన్ని. చూసేవాళ్ళకి మాత్రం రెండు రంగులుగా కనబడాలి.

"ఇది అడిగిన గూడెం డాక్టరుగారికి నచ్చిందా సరే," అన్నాడు మదార్. "నచ్చలేదా, దించేసి పువ్వులు ఎక్కిస్తాను. నువ్వు బీఈడీకి అప్లై చెయ్యి. మళ్ళీ చదరాలూ గిదరాలూ అనకూడదు."

"అనను అబ్బాజాన్," అంది హుమా. తండ్రి మాట జవదాటే పిల్ల కాదు.

తాడేపల్లిగూడెంలో కంటి ఆసుపత్రి కట్టిన డాక్టర్ లక్ష్మీప్రసన్న, అక్కడి హాల్లో గోడకి వేలాడదీయడానికి తివాచీ కావాలన్నారు. కింద వరస పూర్తయ్యాక వచ్చి చూస్తానన్నారు. సరిగ్గా అప్పుడే నల్లజర్లలో బంధువుల పెళ్ళి వచ్చి పడి, హుమా వెళ్ళక తప్పలేదు. తిరిగొచ్చేసరికి డాక్టరుగారు మగ్గం ముందు కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నారు.

"రామ్మా. నువ్వేదో వింత చెప్పావు ఫోన్లో. ఒకే బూడిద రెండుగా కనిపిస్తుందన్నావు," అన్నారు ఆవిడ. "నాకు రెండూ ఒకేలా ఉన్నాయే!"

హుమా గబగబా చూసింది. నిజమే. ఆకుపచ్చలో బూడిదా పసుపులో బూడిదా అచ్చం ఒకేలా ఉన్నాయి. మదార్ గొంతు సవరించుకున్నాడు. ఆ సవరింపులో పువ్వులు వినబడ్డాయి హుమాకి.

మగ్గానికి ఎదురుగా, నేతకి కూర్చునే చెక్క పలక మీద ఇద్దరు ఉన్నారు. ఎడమన తల్లి రహీమున్నీసా, కుడిన ఆవిడ్ని ఆపా అని పిలిచే తమ్ముడు, హుమా మేనమామ అల్తాఫ్. హుమా కళ్ళు మగ్గం పైన వేలాడే ఉన్ని ఉండల మీద పడ్డాయి. తల్లి దగ్గర తను ఇచ్చిన బూడిదే ఉంది. మామ దగ్గర ఉన్నది వేరే ఉండ, ఎక్కడిదో లేత బూడిద.

"మామూ! ఇదెక్కడిది?"

"అటక మీంచి తీశాను," అన్నాడు అల్తాఫ్ ధీమాగా. "నువ్విచ్చింది నా వైపు చెడిపోయింది అమ్మాయ్. ఆపా వైపు శుభ్రంగా ఉంది, నా వైపు నల్లగా, ఊదాగా తేలింది. ఒక పలక మీద ఇద్దరు కూర్చుంటే రెండు చేతులు కనబడకూడదని మా నాన్న కొట్టి నేర్పాడు. అందుకని ముడులన్నీ విప్పేసి, దొరికిన ఉన్నంతా పక్కన పెట్టి చూసి, సరిపోయింది వేశాను. కళ్ళు లాగేశాయనుకో."

"మరి నాతో అనొచ్చుగా!" అన్నాడు మదార్. "రంగు అద్దింది నేను."

"అంటే నీ రంగుకి వంక పెట్టానంటావు బావా. ఎందుకులే అని."

హుమా వినడం లేదు. రెండు ఉండల్లోంచీ ఒక్కో పోగు తెంపి అరచేతిలో పెట్టుకుంది. చేతిలో ఒకటి ముదురు, ఒకటి లేత. గుడ్డివాడైనా వేరు చెప్పేంత తేడా. మగ్గం మీద చూస్తే తేడా లేదు! మళ్ళీ చేయి చూసింది, మళ్ళీ మగ్గం చూసింది.

"డాక్టరుగారూ, ఇటు చూడండి! ఇవి రెండూ ఒకటేనాండీ?"

"కాదమ్మా, స్పష్టంగా వేరు."

"ఇవే అక్కడున్నవి! అది ఇది, ఇది అది!"

డాక్టరుగారు కప్పు కింద పెట్టి లేచారు. నమ్మలేదు. పేపరు అడిగి, బొటనవేలంత చిల్లులు రెండు చించి, చుట్టూ ఉన్న ఆకుపచ్చా పసుపూ కనబడకుండా మగ్గానికి ఆనించారు. చిల్లుల్లో రెండు వేరే రంగులు! పేపరు తీశారు, ఒకటే అయ్యాయి. పెట్టారు, రెండయ్యాయి.

"రోజూ జనం కళ్ళు చూస్తాను. నా కళ్ళే నన్ను మోసం చేశాయా!" అని చిన్నపిల్లలా నవ్వారు. మదార్ పేపరు లాక్కున్నాడు. రహీమున్నీసా పలక దిగొచ్చింది. "నన్నూ చూడనివ్వండి, నేసింది నేనైతే!" అంటూ ఆవిడ మొగుణ్ణి మోచేత్తో తోసింది.

అల్తాఫ్ ఒక్కడే ముఖం ముడుచుకున్నాడు. "అంటే నేను తప్పు చేశానా, ఒప్పు చేశానా?"

"మీరు రెండింటిని ఒకటి చేశారు మామూ! నాకు అంత తట్టలేదు. విప్పొద్దు, కింద వరస ఇలాగే ఉంచేద్దాం. పై వరసలో మాత్రం ఇద్దరూ ఒకే ఉన్ని వేయండి, అక్కడ ఒకటి రెండవుతుంది."

మదార్ డాక్టరుగారి ముఖంలోకి చూశాడు.

"నాకు ఆ పై వరస కావాలండి," అన్నారు ఆవిడ. "దించకండి."

"అయితే నా చేయి వేరని ఊరంతా గోడ మీద చూస్తుందన్నమాట," అన్నాడు అల్తాఫ్.

"మీ చేయి కాదు మామూ, పసుపు చేసే పని," అంది హుమా. పైట నడుముకి దోపి, పలకెక్కి మామ పక్కన కూర్చుంది. రహీమున్నీసా కూడా ఎక్కి ఆకుపచ్చ వైపు తన చోట కూర్చుంది. ముదురు బూడిద పోగు తీసి పసుపు అంచున ఆనించి పట్టుకుంది. అల్తాఫ్ కళ్ళు చిట్లించాడు.

"అదిగో, ఊదా తిరుగుతోంది," అన్నాడు. ఆపేద్దామని చేయి లేపాడు కూడా. అంతలో ఆగి, తల ఇటూ అటూ వంచి చూశాడు. "ఆపా, అదే పోగు నీ ఆకుపచ్చకి కూడా ఆనించి పట్టుకో... ఓరి దీని దుంప తెగ! పట్టుకో, పట్టుకో, కదపకు!"