పెద్దమనిషి

పొద్దస్తమానం "రైట్, రైట్" అని అరిచే మొగుడితో కాపురం ఎంత కష్టమో కండక్టరు పెళ్లాన్నే అడగాలి. ఆ మాట నాలుకకి అలవాటైపోయి ఇంట్లో కూడా ఆయనెప్పుడూ రైటే. గొడుగు తను మర్చిపోతే తప్పు వానది.

ముందుగదిలో కుట్టుమిషను దగ్గర ఎవరిదో ప్యాంటుకి అంచు మడుస్తూ ఆవిడ ఇదే తలుచుకుంటోంది. వేలికి వాళ్లమ్మ ఇచ్చిన ఇత్తడి తొడుగు, సూది దిగకుండా. కిటికీ పక్కన జాలీ పెట్టెలో ఊసరవెల్లి. పైవాటావాళ్లు ఇల్లు ఖాళీ చేస్తూ వదిలేసి వెళ్లారు. నెత్తిమీద కిరీటంలాంటి బుడిపె చూసి కండక్టరు "మగాడే! రాజసం చూడు" అని తేల్చేసి, అట్టముక్క మీద "పెద్దమనిషి" అని రాసి పెట్టెకి కట్టాడు.

అది ఆవిడకి పగటి తోడు. ఒక కన్ను సూది మీద, రెండో కన్ను వీధిగుమ్మం మీద పెట్టుకుని కొమ్మ మీద కూర్చునేది. ఊళ్లోవాళ్ల బట్టలకి పొడుగు తగ్గించడం, నడుం వదులు చెయ్యడంలోనే ఆవిడ వయసంతా గడిచింది. పని చేస్తుంటే ఆవిడని అంతసేపు చూసినవాళ్లు మరొకరు లేరు.

నాలుగైదు రోజులుగా అది మిడతల్ని ముట్టడం లేదు. పొట్ట ఉబ్బింది. ఆకుపచ్చ ఒళ్లు నల్లబడి పసుపుచుక్కలు తేలాయి. కొమ్మలు వదిలేసి అడుగురేకుని గోళ్లతో గీరుతోంది.

"వాడికి అరగలేదు. ఓ పూట పస్తు పెట్టు," అన్నాడు కండక్టరు పొద్దున సంచీ తగిలించుకుంటూ.

"మనం పెట్టేదేముంది, అదే ఉంటోంది. నాకెందుకో అది ఆడదనిపిస్తోందండీ."

"కిరీటం కనపడట్లా?"

"కిరీటాలు రాణులకీ ఉంటాయి."

"నీకు తెలీదు, ఊరుకో." ఆ మాటతో బస్సు కదిలిపోయింది.

మధ్యాహ్నానికి దాని కళ్లు గుంటలు పడ్డాయి. గీరడమూ మానేసింది. ఆవిడ ప్యాంటు పక్కన పడేసి, పెట్టెకి తువ్వాలు కప్పి ఎత్తుకుని, జంతువుల డాక్టరమ్మ దగ్గరికి పరుగులాంటి నడకతో వెళ్లింది.

డాక్టరమ్మ పొట్ట తడిమి చూసింది. "నిండా గుడ్లేనమ్మా. మగతోడు లేకపోయినా పెడతాయివి. తవ్వుకోను చోటులేక బిగబట్టుకుంది. బకెట్టులో తడి ఇసుక పోసి అందులో వదలండి. ఎవరూ తొంగిచూడకూడదు, చూస్తే మానేస్తుంది. పొద్దుటికి పెట్టకపోతే మళ్లీ తీసుకురండి, ఆలస్యమైతే దక్కదు. పేరేంటి?"

"పెద్దమనిషి."

"అయిందిగా మరి!" డాక్టరమ్మ ఫక్కున నవ్వింది. ఆవిడకి నవ్వు రాలేదు.

పక్కన కడుతున్న ఇంటి దగ్గర అడిగి ఇసుక తెచ్చింది. తడిపి, వేలితో గుంట తీసి కూలకుండా నిలుస్తుందో లేదో చూసి, బకెట్టు పెట్టెలో పెట్టి దుప్పటి కప్పింది. చప్పుడుకి బెదురుతుందని మిషను ఆపేసి, అటు వీపు పెట్టి గుండీలు కుడుతూ కూర్చుంది. సూది గుచ్చుకుంది. వేలికి తొడుగు లేదు. వెతకడానికి లేస్తే ఎక్కడ అలికిడవుతుందోనని రెండోసారి గుచ్చుకున్నా లేవలేదు.

సాయంత్రం కండక్టరు వస్తూనే దుప్పటి అంచు పట్టుకున్నాడు.

"ముట్టుకోకండి!" ఆవిడ అంత గట్టిగా అరవడం ఆయనెప్పుడూ వినలేదు. "పురుడు జరుగుతోంది."

"ఎవరికే?"

"మీ పెద్దమనిషికి."

ఆయన దుప్పటి వదిలేసి, చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని వచ్చి పక్కన కూలబడ్డాడు. దుప్పటి వెనక ఇసుక సరసరలాడింది. ఆగింది. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత ఆకులు కదిలాయి.

అంచు ఎత్తి చూస్తే కొమ్మ మీద ఉంది, నీళ్లోడుతున్న బట్టని పిండి ఆరేసినట్టు పల్చగా. ఆకు మీద చల్లిన నీటిచుక్కల్ని ఆబగా తాగుతోంది. ఒక కన్ను ఆవిడ వైపు తిరిగింది. ఆవిడ అక్కడే చతికిలబడి కొంగుతో మొహం తుడుచుకుంది.

ఇసుక చక్కగా చదునుచేసి ఉంది. గరిటెతో తీస్తే తెల్లగా, మెత్తగా గుడ్లు. వాటి మధ్య ఇత్తడి తొడుగు.

"ఇదీ అదే పెట్టిందా?" అన్నాడాయన. కళ్లల్లో నీళ్లొచ్చేదాకా ఇద్దరూ నవ్వారు.

ఆ గుడ్లలో ప్రాణం ఉండదని డాక్టరమ్మ ముందే చెప్పింది. ఆయన వాటిని కాగితంలో పొట్లం కట్టి, పెరట్లో పాతిపెట్టి వచ్చాడు. అట్టముక్క విప్పి చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు.

"నాదే తప్పు," అన్నాడు గొణుగుతూ. "పస్తు పెట్టమన్నాను దాన్ని."

"ఏంటండీ? మిషను చప్పుడులో వినపడలేదు."

మిషను మధ్యాహ్నం నించీ ఆగే ఉంది. ఆయన దాని వంక చూసి, ఆవిడ వంక చూసి, చివరి సీటుదాకా వినపడే గొంతుతో అన్నాడు: "నాదే తప్పు!"

తొడుగుని ఆవిడ వేలికి పెట్టుకోలేదు. ఇసుకతోనే అది కిటికీ గట్టు మీద, ఊసరవెల్లి కంటికి ఆనేచోట ఉండిపోయింది.