ఇంగ్లీషులో అది చిన్న అబద్ధం

ఓడ కడుపులో గోధుమలు చీలమండల దాకా తగ్గాయి. ఇక చీపుర్ల పని. ఫెస్టస్ మానియన్ ముక్కుకు గుడ్డ కట్టుకుని, ఇనుపగోడ వంపులో ఇరుక్కున్న గింజల్ని మధ్యకు ఊడుస్తున్నాడు. అక్కడ పైనుంచి దిగిన బకెట్ల గొలుసు గడగడలాడుతూ గింజల్ని ఎత్తుకుపోయి అమెరికాలోని బఫెలో రేవు గాదెల్లో పోస్తోంది. ధూళిలో పది అడుగుల అవతల మనిషి ఆనడు.

ఆయనకు అరవై తొమ్మిదేళ్లు. పొట్టి మనిషి, భుజాలు మాత్రం ఇంకెవరివో తెచ్చి తగిలించినట్టు వెడల్పు. ముప్పై ఎనిమిదేళ్లు పార పట్టడం వల్ల కుడిభుజం రెండు వేళ్లు కిందికి దిగిపోయింది. ఊపిరి అందక రెండేళ్లుగా చీపురుకు మారాడు. కనుబొమల్లో, చెవి మడతల్లో ఎప్పుడూ తెల్లటి పొడి ఉంటుంది. ఎంత కడిగినా పోదు.

"మామయ్యా, ఆ మూల ఊడవడం ఇది మూడోసారి. ఓడ రంగు ఊడొస్తుంది, చూసుకో!" అని అరిచాడు అల్లుడు లియో. అతనూ అదే ముఠాలో పార పనివాడు.

"నువ్వు సగం గింజలు వదిలేసిపోతే ఊడవక ఏం చెయ్యను? ఆ పార నీకిచ్చింది ఆనుకుని నిలబడటానికి కాదయ్యా!"

ముఠా అంతా నవ్వింది. తనూ నవ్వబోయేసరికి దగ్గు అందుకుంది. చీపురు కర్ర పట్టుకుని వంగిపోయాడు. దగ్గు ఆగేదాకా ఎవరూ పార కదపలేదు. ఆయనకు ఒళ్లు మండిపోయింది.

"ఫెస్టస్, పైకి రా. ఈ పూటకి చాలు," అన్నాడు మేస్త్రీ పైనుంచి.

"ఇంకా పదకొండే కదా!"

"చాలన్నానా?"

ఇంకో రోజైతే వాదించేవాడే. ఇవాళ శనివారం. మధ్యాహ్నం చర్చి గుడిలో పాపసంకీర్తనం, ఫాదర్ దగ్గర పాపాలు చెప్పుకోవడం. అదీ మామూలు శనివారం కాదు. వారం రోజులు ప్రసంగాలు చెప్పడానికి ఐర్లండులోని గాల్వే నుంచి ఓ కుర్ర ఫాదర్ దిగాడు. ఆయనకు ఐరిష్ మాట, ఫెస్టస్ పుట్టిన ఊరి మాట, వచ్చని పక్కింటావిడ చెప్పింది. ఆ మాట విన్నప్పటి నుంచి, అంటే బుధవారం నుంచి, ఫెస్టస్‌కి సరిగా తిండి లేదు. చీపురు గోడకు ఆనించి, ఎవరి వైపూ చూడకుండా నిచ్చెన ఎక్కాడు.

ఇంట్లో నీళ్లగది ఖాళీ లేదు. శనివారం ఆరుగురు మనవలూ ఒకరి తర్వాత ఒకరు అందులోనే ఉంటారు. వంటగది తొట్టిలో మెడ కడుక్కుంటుంటే కూతురు డీలియా వచ్చింది.

"ఏంటి నాన్నా, ఇంత తొందరగా వచ్చేశావు? దగ్గొచ్చిందా?"

"రాలేదు."

"లియో వచ్చాక చెప్తాడులే."

"నువ్వు నా కూతురివా, ఆ మేస్త్రీ పెళ్లానివా?"

బల్ల దగ్గర తొమ్మిదేళ్ల రీటా కాగితం మీద పెన్సిలుతో పాపాలు రాసుకుంటోంది. "తాతయ్యా, నాకు మూడే వచ్చాయి. మరీ తక్కువైతే ఫాదర్ నమ్మడు. నీవి రెండివ్వవా?"

"నా దగ్గర ఉన్నది ఒక్కటేనే. అది నీకు సరిపోదు."

ఆ ఒక్కటీ యాభై ఏళ్ల నాటిది. ఐర్లండులో సముద్రం ఒడ్డున రాళ్ల ఊరు. తల్లి పోయింది. తొమ్మిదేళ్ల చెల్లెలు సొరఖాని తనే తల దువ్వి, తనే తినిపించి పెంచాడు. అమెరికా ఓడ ఎక్కాల్సిన రోజు తెల్లారే ఆ పిల్ల లేచి కూర్చుంది. ఎక్కడికి అని అడిగింది. నాచు ఏరడానికి పోతున్నా, వాన పడేలోపు వచ్చేస్తానన్నాడు. నిజం చెబితే కాళ్లు పట్టుకుని వదలదని భయపడ్డాడు. ఆ సాయంత్రం వాన పడింది. పిల్ల రాతిగోడ దగ్గరే నిలబడిందట. అత్త వచ్చి చెయ్యి పట్టి లాగినా లోపలికి రాలేదట. మర్నాడూ అంతే. ఆ చలికాలం దాటలేదు. ఈ సంగతి ఆయనకు ఏడాది తర్వాత ఉత్తరంలో తెలిసింది.

దీన్ని ఇంగ్లీషులో ఎన్నిసార్లు చెప్పుకున్నాడో లెక్కలేదు. 'నా చెల్లెలికి అబద్ధం చెప్పాను ఫాదర్.' మరియమ్మకు మూడు మంగళవార్త జపాలు చెప్పుకో, నాయనా, అనేవాడు ఫాదర్. అంతే. పార పని ఇంగ్లీషు, బేరాల ఇంగ్లీషు ఆయనకు బాగానే వచ్చు. ఆ పొద్దు ఆ పిల్లతో అన్నది మాత్రం ఆ భాషలోకి రాదు. వచ్చినా మరీ చిన్నదైపోతుంది.

గుడిలో రెండు వరసలున్నాయి. అవతల వరస పొట్టిది, ఊరి ఫాదర్‌ది. ఫెస్టస్ కుర్ర ఫాదర్ వరసలో గంటంపావు నిలబడ్డాడు. వంతు రాగానే చెక్కగదిలో నొప్పి ఓర్చుకుని మోకాళ్లూని, ఫాదర్‌కి అడ్డంగా ఉన్న జాలీకి నోరు ఆనించి, ఏళ్ల తరబడి ఎవరితోనూ ఆడని మాటలో మొదలుపెట్టాడు. మొదట తడబడ్డాడు. తర్వాత మాట దానంతటదే వచ్చింది. దువ్వెన చెప్పాడు, గోడ చెప్పాడు, వాన చెప్పాడు. తను అన్న మాటను అక్షరం పొల్లుపోకుండా చెప్పాడు. చెబుతూ చెబుతూ ఏడ్చేశాడు.



"పెద్దాయనా," అన్నాడు కుర్ర ఫాదర్ ఇంగ్లీషులో, మెల్లగా. "క్షమించాలి. మాది గాల్వే పట్నం. బడిలో నేర్పిన నాలుగు ముక్కలే నాకు వచ్చు. వాన అన్నారు, అదొక్కటే అర్థమైంది. మొదట్లోనే ఆపాల్సింది. మీరు ఏడుస్తుంటే ఆపలేకపోయాను."

ఫెస్టస్ చేతిగుడ్డతో మొహం తుడుచుకున్నాడు.

"ఇంగ్లీషులో చెప్పగలరా? లేకపోయినా పర్లేదు, దేవుడికి అర్థమై ఉంటుంది."

"దేవుడికైతే మా వంటగదిలోనే చెప్పుకునేవాణ్ణి. ఇక్కడిదాకా వచ్చింది మనిషికి చెప్పుకుందామని."

"ఆగండి, పాపక్షమాపణ..."

ఫెస్టస్ అప్పటికే లేచాడు. తలుపు గట్టిగానే పడింది. వరసలో వాళ్లంతా తలెత్తి చూశారు.

ఆయన తిన్నగా ఇంటికి పోలేదు. నది ఒడ్డున ఖాళీ గాదెల పక్కన ఊపిరి అందేదాకా నిలబడి, మళ్లీ నడిచాడు. ఆ కుర్రాడి మీద కోపం. పక్కింటావిడ మీద కోపం. ఆఖరికి తన మీదే. డీలియా పుట్టినప్పుడు, ఇంట్లో ఐరిష్ మాట ఒక్కటి వినబడకూడదని శాసించింది తనే. పిల్ల ఆఫీసులో కూర్చుని పనిచెయ్యాలి, నోరు తెరిస్తే ఎవరూ నవ్వకూడదు అన్నాడు. అలాగే పెరిగింది పిల్ల. ఇవాళ తన గోడు వినే మాట ఇంట్లో ఒక్కరికీ రాదు.

డీలియా బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది. "సగంలో లేచొచ్చేశావట? వీధంతా అదే మాట. ఏం చెప్పావు నాన్నా అంతసేపు?"

ఆయన కుర్చీలో కూలబడి, నేల చూస్తూ అన్నాడు. "నాకో చెల్లెలుండేది. దానికి అబద్ధం చెప్పాను."

"అంతేనా?" డీలియా నవ్వింది. "నేను రోజూ లియోకి నాలుగు చెప్తాను!"

ఆయన తలెత్తి చూశాడు. ఆ చూపుకి ఆమె నవ్వు ఆగిపోయింది. అప్పుడాయన ఆ మాటను తన భాషలో అన్నాడు. గొంతు ఎప్పటిలా లేదు. ఎవరో చిన్నపిల్లని బుజ్జగిస్తున్నట్టుంది.

"అంటే ఏంటి నాన్నా?"

"వాన పడేలోపు వచ్చేస్తానని."

ఆమె కత్తి పక్కన పెట్టి ఆ మాట పలకబోయింది. తప్పు పోయింది. ఆయన సరిదిద్దాడు. మళ్లీ తప్పింది. "అలా కాదే, నాలుక వెనక్కి పెట్టు!" అని విసుక్కున్నాడు. నాలుగుసార్లు చెప్పించాడు. నాలుగోసారీ తప్పే.

"వదిలెయ్," అన్నాడు. "నీ తప్పు కాదు."

భోజనాలయ్యాక అందరూ జపమాలకు మోకాళ్లూనారు. తాతయ్యకు మోకాళ్లు ఒప్పుకోవు గనుక పొయ్యి పక్క కుర్చీ. జపం కాగానే ఆయనకు టీ కావాలి, అదీ నల్లగా. డీలియా ముందే పోసి, చల్లారకుండా కప్పు మీద సాసరు బోర్లించింది. మొదటి పది పూసలు లియో చెప్పాడు. రెండో పది రీటా గబగబా లాగించేసింది. మూడో పది తాతయ్యది.

అందరూ ఆగారు.

"నాన్నా, నీ వంతు," అంది డీలియా కళ్లు తెరవకుండానే. దగ్గు కూడా వినబడలేదు. అప్పుడు కళ్లు తెరిచింది.

ఊరి ఫాదర్ వచ్చేసరికి పిల్లల్ని పై వాటాలోకి పంపేశారు. ఆయన ప్రాణం పోయిన తాతయ్య నుదుటికీ చేతులకీ కడపటి దీవెన నూనె రాస్తుంటే డీలియా ఉండబట్టలేక అడిగింది. "ఫాదర్, మధ్యాహ్నం నాన్న పాపసంకీర్తనం సగంలో వదిలేసి వచ్చారు. క్షమాపణ తీసుకోలేదు. ఫర్వాలేదా?"

"మనసులో పశ్చాత్తాపం ఉంటే చాలమ్మా. పెద్ద పాపమేమైనా ఉందని చెప్పారా?"

"లేదు ఫాదర్. చెల్లెలికి ఏదో చిన్న..." అని ఆగిపోయింది. మళ్లీ చెప్పబోయింది. తండ్రి చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని అలాగే కూర్చుంది.

తర్వాత లియో ఖాళీ అయిన కుర్చీని గోడ వారకు జరిపాడు. పొయ్యి పక్క గట్టు మీద కప్పు అలాగే ఉంది, నిండుగా. బోర్లించిన సాసరు అడుగున ఆవిరి నీటిబొట్లయి, ఒక్కొక్కటే టీలోకి జారుతోంది.