బొమ్మకు వేసిన పీట

నేను ఒక టేకు స్టూలును. పైపలక గుండ్రం, కాళ్లు నాలుగు, ఎత్తు మనిషి మోకాలికి కాస్త పైన. తాడేపల్లిగూడెంలో వైజయంతి వస్త్రాలయం కట్టేటప్పుడు గుమ్మాలకు పోగా మిగిలిన చెక్కతో వడ్రంగి ఆదిబాబు నన్ను చేశాడు. పని పూర్తయ్యాక నా మీద తనే కూర్చుని, తీరుబడిగా చుట్ట కాల్చుకుని, "గట్టిగానే కుదిరిందిలే" అన్నాడు. పుట్టగానే విన్న ఆ ఒక్క మెప్పుతో ఇన్నేళ్లు నెట్టుకొచ్చాను. మా స్టూళ్లు కోరుకునేది పెద్దగా ఏమీ ఉండదు. అలసిన మనిషి వచ్చి కూర్చుని 'అమ్మయ్య' అంటే చాలు, మా జన్మ ధన్యమైనట్టే. ఆ ఒక్క ముక్కా వినడానికి నేను ఎంత మొహం వాచిపోయానో చెబుదామనే ఈ కథంతా.

నిజానికి మొదట్లో నా మీద కూర్చోవలసిన అవసరం ఎవరికీ లేదు. పెద్ద షావుకారు వీరభద్రయ్యగారి హయాంలో కొట్టు నిండా పరుపులు, వాటి మీద ఉతికిన తెల్ల దుప్పట్లు ఉండేవి. కొనేవాళ్లూ, చూపించేవాళ్లూ, షావుకారూ అందరూ చెప్పులు బయట విడిచి ఆ పరుపుల మీద బాసింపట్టు వేసుకుని కూర్చోవలసిందే. చీరలు ఒళ్లోకి వచ్చిపడేవి. బేరం తెగేలోపు సగం ఊరి సంగతులు తెమిలిపోయేవి. పై అరలో చీర కావలసివస్తే మాత్రం నన్నెక్కి తీసేవారు. నా మీద పాదాలే గాని మనిషి బరువు పూర్తిగా పడేది కాదు. అయినా నాకేమీ బాధ లేదు. అందరూ కూర్చుని ఉన్న ఇంట్లో స్టూలు ఖాళీగా ఉంటే తప్పేముంది?

భూలక్ష్మి ఆ రోజుల్లోనే పనిలో చేరింది. మొగుడు లారీ మీద వెళ్లినవాడు వెళ్లినట్టే పోయి, ఎక్కడో ఇంకో కాపురం పెట్టుకున్నాడు. చంటిపిల్లను తల్లి దగ్గర వదిలి ఈ పిల్ల కొట్టుకు వచ్చింది. చీర మడత విప్పడంలో ఆమె చెయ్యి తిరిగిన తీరు చూసి షావుకారుగారు ముచ్చటపడేవారు. ఆయన కొడుకు ఫణీంద్ర అప్పుడు కాలేజీ కుర్రాడు. మధ్యాహ్నం కొట్టుకు వచ్చి, భూలక్ష్మి కేరియర్లోంచి చేపల పులుసు తిని, "ఇంట్లో చెప్పకక్కా" అనేవాడు. శాకాహారుల ఇల్లు మరి. ఆమె ఈ రోజుదాకా చెప్పలేదు.

ఆ కొట్లో ఒక ఆనవాయితీ ఉంది. శుక్రవారం సాయంత్రం దీపాలు పెట్టే వేళకు షావుకారుగారు లక్ష్మీదేవి పటానికి హారతిచ్చి, ఆ పళ్లెం కొట్టంతా తిప్పేవారు. కొనుగోలుదార్లకంటే ముందు పనివాళ్లకు చూపించేవారు. కర్పూరం వాసన తగిలితే చాలు, వాళ్లు చేతిలో చీర ఉన్నా సరే, పక్కన పెట్టి రెండు చేతులూ చాచి కళ్లకద్దుకునేవారు. ఆయన పోయాక చాలా మారాయి గాని ఇదొక్కటీ మారలేదు. కథకు ఇది అవసరం కాబట్టి గుర్తుపెట్టుకోండి.

ఫణీంద్ర చేతికి వచ్చాక కొట్టు షోరూమ్ అయింది. మూడంతస్తులు, చల్లని గాలి, గాజు కౌంటర్లు, పై కప్పు నుంచి తొంగి చూసే కెమెరాలు. పరుపులు గోదాంలోకి వెళ్లాయి. కౌంటరుకు ఇటువైపు కొనేవాళ్లకు మెత్తని కుర్చీలు వేశారు. అటువైపు పనిచేసేవాళ్లకు నేల ఇచ్చారు. పొద్దున షట్టర్ ఎత్తిన దగ్గర్నుంచి రాత్రి దించేదాకా ఎవరూ కూర్చోకూడదని రూలు. కూర్చున్న మనిషి కనిపిస్తే కొట్టుకు బేరాల్లేవనుకుంటారట. ఎక్కడో ట్రైనింగులో చెప్పారట. అది చెప్పినవాడు మాత్రం కుర్చీలో కూర్చునే చెప్పి ఉంటాడని నా నమ్మకం.

నాకు నాలుగు కాళ్లు. నిలబడటం నాకు పుట్టుకతో వచ్చిన విద్య. అలాంటి నాకే కొన్నాళ్లకు ఒక కాలు కాస్త వదులైంది. రెండు కాళ్ల మనుషులు పొద్దస్తమానం ఎలా నిలబడతారని ఫణీంద్రకు తట్టలేదు. దానికి తోడు, మానేసినవాళ్ల చోట కొత్తవాళ్లను వేసుకోవడం ఆపేశాడు. పట్టుచీరల దగ్గర నలుగురు ఉండవలసిన చోట భూలక్ష్మి, ఝాన్సీ ఇద్దరే మిగిలారు. శ్రావణమాసం వస్తే ఒక్కొక్కరి ముందు మూడు కుటుంబాలు. "అక్కా, నువ్వెళ్లి మొహం కడుక్కురా, నేను చూత్తాను" అని ఒకరికొకరు అడ్డం నిలబడటం తప్ప ఊపిరి సలిపేది కాదు.

భూలక్ష్మి నన్ను కౌంటరు కింద దాచుకునేది. బేరం లేని క్షణాల్లో నా అంచు మీద అలా ఆనుకునేది. కూర్చోవడం కాదది, మోకాళ్లను మోసం చేయడం. ఒకనాడు ఫ్లోర్ మేనేజర్ చంద్రశేఖర్ కెమెరాలో చూసి వచ్చాడు. "నన్ను తిడతారండి, ఏమనుకోకండి" అంటూ నన్ను ఎత్తుకుపోయి గోదాంలో, పాత పరుపుల పక్కన పడేశాడు. అతనూ చెడ్డవాడేమీ కాదు. భయస్థుడు. రోజంతా తిరిగి తిరిగి అతని చెప్పుల మడమలు కూడా అరిగిపోయాయి.

ఆ ఏడాది ఆమె కాళ్లలో నరాలు ఉబ్బి, వానపాముల్లా మెలితిరిగి పైకి తేలాయి. సాయంత్రానికి పాదాలు పొంగి చెప్పుల్లో పట్టేవి కావు. ఇలాగే నిలబడితే పుండ్లు పడతాయని, మధ్యమధ్య కూర్చోకపోతే ఇక పని మానుకోవాల్సిందేనని డాక్టరమ్మ చెప్పేసింది. పని మానితే కూతురి నర్సింగు చదువు మధ్యలో ఆగిపోతుంది. చీరల మూటలు దింపించడానికి ఫణీంద్ర గోదాంలోకి వచ్చినప్పుడు భూలక్ష్మి వెనకాలే వచ్చి, నా ఎదుటే అడిగింది.

"మజ్జమజ్జలో కాసేపు కూచోనిత్తే చాలు బాబూ. బేరం వత్తే లేత్తాను."

ఫణీంద్ర విసుక్కోలేదు. చాలా మర్యాదగానే అన్నాడు. "నిన్ను కూచోనిస్తే అందరూ అడుగుతారక్కా. నీకు బాగోకపోతే పోనీ ఇంటిపట్టున రెస్ట్ తీసుకో. నేనేమీ అనుకోను."

ఆమె తన కౌంటరుకు వెళ్లిపోయింది. ఇంటిపట్టున రెస్ట్ తీసుకుంటే ఇల్లు ఎలా గడుస్తుందో అతను అడగలేదు, ఆమె చెప్పలేదు. చేపల పులుసు నాటి కుర్రాడు ఎటు పోయాడా అని నాకు మాత్రం అనిపించింది.

సరిగ్గా అప్పుడే బొంబాయి నుంచి బొమ్మ దిగింది. పెళ్లికూతురి బొమ్మ. గుమ్మం పక్కన అద్దాల గదిలో పెట్టడానికి తెప్పించారు. వంచిన తల, ఒళ్లో చేతులు, ముడిచిన మోకాళ్లు. కూర్చున్న భంగిమలోనే పోత పోశారు దాన్ని. కూర్చోబెట్టడానికి ఏదైనా కావాలి కదా. గోదాంలో వెతికితే నేను దొరికాను. నాకు వార్నిష్ కొట్టి, అద్దాల గదిలో వేసి, నా మీద బొమ్మను కూర్చోబెట్టారు. ఆ షోరూమ్‌లో కూర్చోవడానికి అనుమతి దొరికిన మొట్టమొదటి ఉద్యోగి అదే. దానికి కాళ్లు లాగవు, నడుం పట్టేయదు, ఒక్కసారి కూడా 'అమ్మయ్య' అనలేదు. దాన్ని మోసినన్నాళ్లూ నాకు మహా చిరాకుగా ఉండేది.

శ్రావణమాసం మొదలైంది. ఫణీంద్ర సరుకు కొనడానికి సూరత్ వెళ్లాడు. బొమ్మకు చీర మార్చాలంటే ఇద్దరు పట్టుకోవాలి. ఇద్దరెక్కడున్నారు? ఝాన్సీ ఒక్కతే హడావుడిగా ఎత్తబోయింది. బొమ్మ జారి నడుం దగ్గర రెండు ముక్కలైంది. చంద్రశేఖర్ వచ్చి చూసి, అక్కడే తల పట్టుకున్నాడు. విజయవాడ పంపి అతికించడానికి కొన్నాళ్లు పడుతుంది. శ్రావణమాసంలో అద్దాల గది బోసిగా ఉంటే షావుకారు ఊరుకోడు. ఝాన్సీ ఏడుపు మొదలుపెట్టింది.

భూలక్ష్మి మాత్రం నా వంక చూస్తూ నిలబడింది. ఆ చూపు నాకు అర్థమైంది.

"బాసికం కట్టి తల దించుకుంటే ఎవరైతే ఏంటండి. బొమ్మొచ్చేదాకా నేను కూచుంటాను" అంది.

"మీరా? బాబుగారు చూత్తే?" అన్నాడు చంద్రశేఖర్.

"ఆయనొచ్చేలోపు బొమ్మొచ్చేత్తాది కదండి."

మొహానికి రంగు పూసి, నుదుట బాసికం కట్టి, జడనిండా పూలు పెట్టి ఝాన్సీ ఆమెను తయారు చేసింది. నలభై దాటిన మనిషి వయసంతా ఆ బాసికం కింద దాగిపోయింది. భూలక్ష్మి చీర కుచ్చెళ్లు సర్దుకుని, నా మీద మెల్లగా కూర్చుంది. పూర్తిగా, బరువంతా వదిలేసి కూర్చుంది. కాళ్లు చీర కింద చాపుకుంది. తల వంచి, పెదవులు కదలకుండా, గొంతులోనే అంది.

"అమ్మయ్య."

వదులైన కాలు కూడా బిగుసుకుందంటే నమ్మండి. ఆదిబాబు చుట్ట కాల్చిన రోజు తర్వాత నాకు అంత సంతోషం మళ్లీ అప్పుడే కలిగింది.

మర్నాటి నుంచి వంతులు వేసుకున్నారు. భూలక్ష్మి కాసేపు, ఝాన్సీ కాసేపు, పై అంతస్తు పిల్లలు కాసేపు. కౌంటర్ల దగ్గర మిగిలినవాళ్లకు ఒక మనిషి తగ్గిన పని మీద పడేది. అయినా ఎవరూ సణగలేదు, తమ వంతూ వస్తుందిగా. నా మీద కూర్చుని ఒకమ్మాయి కళ్లు తెరిచే కునికింది. ఒకమ్మాయి వెళ్లలేకపోయిన అక్క సీమంతాన్ని తలుచుకుని కన్నీళ్లు పెట్టుకుంది. రోడ్డు మీది జనం ఆగి మరీ చూసేవారు. "ఆ బొమ్మకు కట్టిన చీరే కావాలి" అని లోపలికి వచ్చేవారు. బొమ్మ మొహంలో ఏదో జీవకళ ఉందని మెచ్చుకునేవారు. ఎందుకుండదు? ఎన్నాళ్లకో కూర్చున్న మొహం అది.

శుక్రవారం వచ్చింది. కొట్టు కిటకిటలాడుతోంది. భూలక్ష్మి వంతు నడుస్తోంది. దీపాలు పెట్టే వేళకు, చెప్పాపెట్టకుండా, స్టేషన్ నుంచి తిన్నగా ఫణీంద్ర దిగాడు. చంద్రశేఖర్ మొహంలో నెత్తురుచుక్క లేదు. ఫణీంద్ర అద్దాల గదిని చూసి, "బాగా పెట్టారే" అన్నాడు, అంతే. కాళ్లు కడుక్కుని, తండ్రి ఆనవాయితీ ప్రకారం పటానికి హారతిచ్చి, గల్లాపెట్టెకు చూపించి, బొమ్మ ఒంటి మీద కొత్త చీర ఉంది కదా అని అద్దాల గదిలోకి వచ్చాడు. నా మీద కూర్చున్న మనిషి ఊపిరి బిగబట్టింది. ఈ ఒక్క నిమిషం గడిస్తే గండం గడిచినట్టే. లేదంటే ఉద్యోగమూ పోతుంది, కూతురి చదువూ పోతుంది.

ఫణీంద్ర బొమ్మ ముందు పళ్లెం తిప్పాడు. కర్పూరం వాసన తగిలింది.

బొమ్మ రెండు చేతులూ చాచి, హారతి తీసుకుని, కళ్లకద్దుకుంది.

చేతులు మళ్లీ ఒళ్లో పడ్డాక గాని ఆమెకు తను చేసిన పని తెలియలేదు. ఫణీంద్ర ఒక అడుగు వెనక్కి వేశాడు. ముందుగా తేరుకున్నది కుర్చీలో ఉన్న ఒక ముసలామె. "బొమ్మ కాదర్రా, మనిషే. ఎంతసేపట్నుంచి కూచోబెట్టారమ్మా నిన్ను?" అంది.

"కూచోబెట్టలేదండి. నేనే కూచున్నాను" అంది భూలక్ష్మి. తల ఎత్తింది.

"అక్కా, నువ్వా?" అన్నాడు ఫణీంద్ర.

ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. బొమ్మ విరగడం, వంతులు, అన్నీ. చంద్రశేఖర్ మధ్యలో దూరి, కట్టిన చీరలన్నీ కట్టినట్టే అమ్ముడుపోయాయని గొణిగాడు. ఆ మాట వినగానే ఫణీంద్ర మొహం విప్పారింది.

"అయితే బొమ్మెందుకు? రోజూ నువ్వే కూచో అక్కా. నీ కాళ్లకీ సుఖం. కాకపోతే కదలకూడదు, అంతే."

మేలు చేస్తున్నాననే అనుకున్నాడు, పాపం. భూలక్ష్మి బాసికం విప్పి ఒళ్లో పెట్టుకుంది.

"బొమ్మనైతే కూచోనిత్తావు గానీ, మనిషినైతే కూచోనివ్వవా బాబూ?"

గొంతు పెంచలేదు. ఎన్నాళ్లుగానో కడుపులో ఉన్న మాట, అంత నెమ్మదిగా బయటికి వచ్చింది. తర్వాత లేచి, పెళ్లిచీరతోనే వంగి, నన్ను రెండు చేతులా ఎత్తుకుంది. అంతమంది చూస్తుండగా నడిచి, తన కౌంటరు వెనక వేసి, కెమెరా కింద, నా మీద కూర్చుంది. ఎదుట ముసలామె అప్పటికే జరిగి కూర్చుని ఉంది. "ఆ ఆనందా రంగుది చూపించు తల్లీ" అంది. భూలక్ష్మి మడత విప్పింది. కూర్చున్న మనిషి దగ్గర చీర కొనబోమని ఎవరూ లేచిపోలేదు.

ఫణీంద్ర చుట్టూ చూశాడు. ఆమె స్థానంలో నిలబెట్టడానికి ఎవరైనా ఉన్నారా అని చూశాడు. ఝాన్సీ చుట్టూ జనం. పై మెట్ల మీదా జనమే. మిగిలిన మనుషుల్ని తనే తగ్గించుకున్నాడు. పళ్లెంలో కర్పూరం కొండెక్కింది. అతను వెళ్లి గల్లాపెట్టె దగ్గర తన కుర్చీలో కూర్చోబోయి, ఎందుకో ఆగి, కొట్టు మూసేదాకా నిలబడే ఉన్నాడు. మధ్యలో ఒకసారి వంగి పిక్కలు నొక్కుకోవడం నేను చూశాను.

ఆ తర్వాత ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. ఒక ఉదయం మిగతా కౌంటర్ల వెనక ప్లాస్టిక్ స్టూళ్లు వచ్చి చేరాయి. కొత్తగా మనుషుల్ని మాత్రం ఇంకా వేసుకోలేదు. దాని సంగతి శ్రావణం వెళ్లాక తేల్చుకోవాలని ఆడవాళ్లు టిఫిను దగ్గర, కూర్చునే, మాట్లాడుకుంటున్నారు.

మొన్న విజయవాడ నుంచి బొమ్మ అతుక్కుని వచ్చింది. చంద్రశేఖర్ దాన్ని చంకనేసుకుని మా కౌంటరు దగ్గరికి వచ్చాడు.

"భూలక్ష్మి గారూ, ఆ స్టూలు కాస్త ఇత్తారా? ఇది కూచోవాలి."

భూలక్ష్మి చీర పరుస్తూనే ఉంది. తల తిప్పలేదు, నా మీంచి లేవలేదు.

"కాసేపు నించోమనండి దాన్ని" అంది.