పన్నెండు గంటల భరోసా

సూపర్‌వైజరు ఆడవాళ్ల మేలు కోరే మనిషి. ఆ సంగతి రోజూ ఆయనే చెప్పేవాడు. అందుకే కుట్టు హాల్లో అందరికీ ఉచితంగా ప్యాడ్లు తెప్పించాడు. అట్ట మీద పూల బొమ్మ, లోపల గుప్పుమనే సెంటు, పైన పెద్దక్షరాల్లో పన్నెండు గంటల భరోసా. షిఫ్టు చూస్తే పదిగంటలే. ఇంకేం, బాత్రూముకి షిఫ్టుకొక్కసారే వెళ్లాలన్నాడు. మేకుకి వేలాడే చెక్క బిళ్ల చేతిలో ఉంటేనే గడప దాటాలి.

మూడో రోజుకి కాజాలు కుట్టే అక్క కుర్చీ అంచు మీదికి జరిగింది. తొడల దగ్గర ఒరుసుకుని ఎర్రగా కందిపోయింది. నడిస్తే మంట, కూర్చుంటే మంట. కాజాలు సగానికి పడిపోయాయి. రేపు కూడా ఇంతే అయితే మిషను ఇంకొకరికి ఇస్తానని ఆ మేలు కోరే మనిషే చెప్పేశాడు.

మందుల గదిలో నర్సమ్మ పెదవి విరిచింది.

"తడి పట్టుకుని పది గంటలుంటే చర్మం ఊరుకుంటుందా? నాలుగ్గంటలకోసారి మార్చు. సెంటువి మానెయ్. సబ్బు వద్దు, ఉత్త నీళ్లతో కడుక్కో. రుద్దకు, అద్దు. వదులుగా ఉండే నూలు బట్టలు వేసుకో. రెండు రోజుల్లో తగ్గకపోతే డాక్టరుకి చూపించు."

"అన్నీ చేస్తానమ్మా. బిళ్ల ఎవరిస్తారు?"

మర్నాడు ఎనిమిదింటికే అక్క సూపర్‌వైజరు బల్ల ముందు నిలబడింది.

"నాలుగ్గంటలకోసారి మార్చాలంట, సార్."

"అట్ట మీద ఏముందో చదివావా?"

"చదివాను. మీరూ ఒక ప్యాడు తడిపి మోచేతి మడతలో కట్టుకోండి. షిఫ్టయ్యేదాకా ఉంచుకుంటే మళ్లీ నోరెత్తను."

మిషన్లన్నీ ఆగాయి. అంతమంది ముందు వెనక్కి తగ్గడం ఆయన హోదాకి చిన్నతనం. చొక్కా చెయ్యి మడిచాడు. అక్క నీళ్లు పోసి, టేపు నాలుగు చుట్లు చుట్టింది.

పదింటికి ఆయన మోచెయ్యి బల్లకేసి రుద్దాడు. పదకొండింటికి స్కేలు దూర్చాడు. పన్నెండింటికి టేపు అంచు గీకుతుంటే అక్క కాజా మీంచి తలెత్తకుండానే అడిగింది.

"అట్ట మీద ఏముందో చదివారా, సార్?"

"మంటగా ఉందమ్మా."

"ఇంకా ఎనిమిది గంటల భరోసా ఉంది."

హాలంతా కిసుక్కుమంది. ఆయన టేపు పీకేశాడు. మోచేతి మడత కందగడ్డలా ఉంది. కాసేపు దాన్నే చూసుకుని, బిళ్లని మేకు మీంచి తీసి సొరుగులో పడేశాడు.

"ఎవరికి ఎప్పుడు అవసరమైతే అప్పుడెళ్లండి. కాజాల మిషను ఎక్కడికీ పోదు."

అని, మందుల గదికి దాదాపు పరుగెత్తాడు.

"రుద్దకండి," అంటున్న నర్సమ్మ గొంతు కారిడార్లో వినిపించింది. "అద్దండి."

బాత్రూము వైపు తీరిగ్గా నడుస్తున్న అక్క ఆగి, అదొక్కటీ పూర్తిగా విని వెళ్లింది.