ఎత్తిన చేతి కింది మాట

దేశానికి ఇంగ్లీషే అధికార భాష అని చట్టం వచ్చిన రోజున కోర్టు వీధిలో అందరికంటే సంబరపడింది దుబాసమ్మే. అంతవరకూ ట్యూషన్లు చెప్పుకుంటూ నెట్టుకొస్తున్న మనిషికి ఏకంగా జడ్జిగారి పక్కన కుర్చీ దొరికింది. సాక్షులు ఇంటి భాషలో చెప్పింది ఆమె ఇంగ్లీషులో వినిపించాలి. ఆ ఇంగ్లీషే రికార్డుకు ఎక్కుతుంది. అసలు మాట గాలికి పోతుంది.

తమాషా ఏమిటంటే, ఆ గదిలో ఇంటి భాష రానివాళ్ళు ఒక్కరూ లేరు. జడ్జిగారు టీ తాగుతూ మోకాళ్ళ నొప్పుల గురించి వాపోయేది అందులోనే. వకీళ్ళు తిట్టుకునేదీ అందులోనే. కుర్చీల్లో కూర్చోగానే మాత్రం అందరికీ ఒక్కసారిగా చెవుడు వచ్చేస్తుంది. నిద్రపోయేవాణ్ని లేపవచ్చు గానీ నిద్ర నటించేవాణ్ని ఎవరు లేపగలరు?

అక్కడ ఇంకో పద్ధతి ఉంది. అంతవరకు విన్నది ఇంగ్లీషులో చెప్పడానికి దుబాసి చెయ్యి ఎత్తగానే సాక్షి ఆగాలి. ఎత్తిన చేతి కింద పలికిన మాట లెక్కలోకి రాదు.

ఆ రోజు బోనులో నిలబడింది ఇస్త్రీ కొట్టు ఆవిడ. వకీలును పెట్టుకునే స్తోమత లేదు. పసివాడైన కొడుకు తన దగ్గర ఉండాలా, విడిపోయిన మొగుడి దగ్గర ఉండాలా అన్నది తేలిపోయే రోజు అది. పిల్లాణ్ని గదిలో పెట్టి తాళం వేసిన మాట నిజమేనా అని మొగుడి వకీలు అడిగాడు. దుబాసమ్మ ఆ ప్రశ్నను ఇంటి భాషలో చెప్పింది.

"నిజమేనమ్మా. నేనే వేశాను."

దుబాసమ్మ అలవాటుగా చెయ్యి ఎత్తింది. ఆవిడ ఆగలేదు.

"ఈయన తాగొచ్చి కాలే ఇస్త్రీపెట్టెతో పిల్లాడి మీదికి వస్తుంటే ఏం చెయ్యనమ్మా? తాళంచెవి నోట్లో పెట్టుకుని గుమ్మానికి అడ్డం పడుకున్నాను."

గదంతా విన్నది. మొగుడు తల దించుకున్నాడు. జడ్జిగారి చూపు మాత్రం దుబాసమ్మ అరచేతి మీదే ఉంది. చెయ్యి ఎత్తకముందు వచ్చిన మొదటి మాట ఒక్కటే ఆమె చేత ఇంగ్లీషులో చెప్పించి రాసుకుని, ప్రశ్నకు జవాబు వచ్చేసిందన్నారు. మళ్ళీ అడగనివ్వమని దుబాసమ్మ ఇంగ్లీషులో ప్రాధేయపడింది. దుబాసికి సొంత మాట ఉండదని ఆయన గుర్తుచేశారు. ఒక తల్లి నోరు తన చెయ్యే మూసేసిందన్న బాధ, ఉద్యోగం పోతుందన్న భయం, రెండూ ఒక్కసారే దుబాసమ్మను కమ్ముకున్నాయి. అయినా లేచి నిలబడి ఇంటి భాషలోనే అంది.

"అయ్యా, ఆవిడ చెప్పింది మీరూ విన్నారు. చెయ్యి ఎత్తింది నేను. ఆ తప్పు ఆవిడ మీద వెయ్యకండి."

జడ్జిగారి కళ్ళలో జాలి కనిపించింది. అది చూసి ఆమెకు ఒళ్ళు మండింది. ఆయన టైపిస్టు వైపు తిరిగి, కోర్టుకు తెలియని భాషలో దుబాసి ఏదో పలికినట్టు రాయించారు. తరువాత తీర్పు చదవడం మొదలుపెట్టారు.

ఇస్త్రీ కొట్టు ఆవిడ బోనులోంచి వంగి మెల్లగా అడిగింది.

"ఇప్పుడు మన మాటలో చెప్పావు కదమ్మా. అర్థమైందా వాళ్ళకి?"

"అర్థమైంది," అంది దుబాసమ్మ.

ఆవిడ పైటచెంగుతో కళ్ళు తుడుచుకుని నవ్వింది. ఇంతలో తీర్పు చదవడం అయిపోయింది, పిల్లాడు తండ్రికే. మొగుడికీ ఇంగ్లీషు రాదు. వాడు ఒక పక్క నుంచి, ఆవిడ ఒక పక్క నుంచి దుబాసమ్మ నోటికేసి చూస్తున్నారు.