శివారు గ్రాఫిక్స్ కార్డు

మా ఆయన శ్యాంబాబు ఏ పనీ ప్లాను లేకుండా చెయ్యరు. ప్లాను ఉన్నా చెయ్యరనుకోండి, అది వేరే సంగతి. బందరులో ఒక ప్రైవేటు కాలేజీలో లెక్కలు చెప్తారు. ఎండాకాలం సెలవులిచ్చారంటే చాలు, ఇంట్లో ఏ వస్తువు ఆయన కంట పడుతుందోనని నేనూ, మా అత్తగారు మార్తమ్మ గారూ హడలి చస్తుంటాం. పోయినేడు వంటింటి సింకు ఆయన కంట పడింది. మూడు వారాలు పెరట్లో గిన్నెలు తోముకున్నాం. ఈ ఏడు నా కంప్యూటరు మీద పడ్డారు.

నా కంప్యూటరు అని ఎందుకు నొక్కి చెప్తున్నానంటే, అది నా పనిముట్టు. చిలకలపూడి రోల్డుగోల్డు నగలకి నేను డిజైన్లు గీస్తాను. నగ తయారు కాకముందే అచ్చం నగలాగే మెరుస్తూ తెర మీద కనపడాలి. రాళ్ళ తళుకూ, పూత నిగనిగా అన్నీ తేలాలి. ఒక్కో సెట్టు బొమ్మ అలా తేలడానికి కంప్యూటరు గంటసేపు ఆపకుండా లెక్కలు కట్టుకోవాలి. ఎనిమిదేళ్ళుగా ఈ పని చేస్తున్నాను. ఇన్నాళ్ళూ నా డిజైన్లన్నీ కార్ఖానా వాళ్ళ పేర్ల మీదే వెళ్ళాయి. ఎవరో పెళ్ళికూతురి మెడలో నా హారం కనిపిస్తే, అది నాదని చెప్పుకోవడానికి ఆధారం కూడా ఉండేది కాదు.

అలాంటిది ఏప్రిల్ ఆఖర్లో గుడివాడ నుంచి యశస్విని గారు ఫోన్ చేశారు. ఆవిడ పెళ్ళినగలు అద్దెకిచ్చే షాపు పెడుతున్నారు.

"నలభై సెట్లు కావాలండీ. కేటలాగు మొదటి పేజీలో మీ పేరు వేస్తాను. కాకపోతే మే నెలాఖరుకల్లా ఇచ్చెయ్యాలి. లేదంటే విజయవాడ వాళ్ళకి ఇచ్చేస్తాను, ఏమీ అనుకోకండి."

ఆ రోజు అన్నం సయించలేదంటే నమ్మండి. సంతోషానికి కూడా ఆకలి పోతుందని అప్పుడే తెలిసింది. రేయింబవళ్ళు కూర్చుని నలభై డిజైన్లూ గీసేశాను. ఇక బొమ్మలు తేల్చడమే మిగిలింది. తొమ్మిది సెట్లు అయ్యాయి. పదో సెట్టు సగంలో ఉండగా తెర నల్లబడి కంప్యూటరు ఆగిపోయింది. పెట్టె మీద చెయ్యి వేస్తే చురుక్కుమంది. మా ఇంట్లో చోటు తక్కువని రైసుకుక్కరంత చిన్న పెట్టె కొన్నాం. మే నెల ఎండకి లోపల వేడి బయటికి పోవడం లేదు. మర్నాడూ అంతే, పావుగంట నడిచి ఆగిపోయింది.

"ఒక ఏసీ పెట్టిద్దామండీ," అన్నాను.

"ఏసీ గదిని చల్లబరుస్తుంది స్వర్ణా. మనకి కావల్సింది గది చల్లబడటం కాదు, కంప్యూటరు చల్లబడటం. దీనికి వాటర్ కూలింగ్ చెయ్యాలి," అన్నారు మా ఆయన. ఆయన కళ్ళలో ఒక మెరుపు మెరిసింది. సింకప్పుడూ అదే మెరుపు.

ఆ సాయంత్రమే పెట్టె విప్పేశారు. లోపలున్న ఫ్యాను ఊడదీసి గూట్లో పెట్టారు. ఇక కంప్యూటరు నడిచే ప్రశ్నే లేదు. భోజనాల బల్ల మీద చార్టు పరిచి నాకు పాఠం చెప్పారు. పెట్టెలో బాగా వేడెక్కేవి రెండు, ప్రాసెసరూ గ్రాఫిక్స్ కార్డూ. చిన్న పంపు గొట్టంలోకి నీళ్ళు తోస్తుంది. ఆ నీళ్ళు వాటి మీదుగా వెళ్తూ వేడి లాక్కుంటాయి. రేడియేటరు దగ్గర చల్లబడి మళ్ళీ పంపు దగ్గరికి వస్తాయి. అంతే సంగతి. రెండు రోజుల్లో అయిపోయే పని.

అయిపోయేదే, ఆ మాటల్లో నీళ్ళనే మాట పక్కింటి శోభనాద్రి గారి చెవిన పడకపోయి ఉంటే. ఆయన ముప్పై ఒక్క ఏళ్ళు కాలవల మీద ఇన్‌స్పెక్టరుగా తిరిగి రిటైరయ్యారు. గోడ మీదుగా తొంగిచూసి, చెప్పులు విడిచి లోపలికొచ్చి, చార్టు ముందు కూర్చున్నారు.

"శ్యాంబాబూ, నీళ్ళు ముందు దేనికి ఇస్తున్నావయ్యా?"

"ప్రాసెసరుకండి. అక్కడి నుంచి గ్రాఫిక్స్ కార్డుకి."

"కరెక్టు. ఎగువన పెద్దది ఉండాలి."

ఆ మాట అనే సమయానికి మా మావయ్యగారు బాబూరావు గారు వరండాలో పడుకుని ఉన్నారు. దివిసీమ నుంచి కంటి ఆపరేషనుకని వచ్చారు. ఆయన పొలం కాలవకి చిట్టచివర, సముద్రానికి కూతవేటు దూరంలో ఉంటుంది. ఎగువ వాళ్ళంతా తూములెత్తి తడుపుకున్నాక మిగిలిన నీళ్ళే ఆయన చేలోకి వస్తాయి. కొన్నేళ్ళు అవీ రావు. కంటికి పచ్చ గుడ్డ కట్టుకుని ఆయన లేచి వచ్చారు.

"శోభనాద్రి గారూ, మరి ఆ రెండోదాని గతేంటండీ? ఎగువోడు వాడుకుని వదిలేసిన వేడి నీళ్ళు తాగాలా అది?"

"శివారన్నాక కొంచెం ఇబ్బంది తప్పదు బాబూరావు గారూ."

"ఈ మాట నేను పుట్టిన కాణ్ణించి వింటున్నానండీ!"

అక్కడితో నా కంప్యూటరు పని అయిపోయింది. మావయ్యగారికి గ్రాఫిక్స్ కార్డంటే ఏమిటో తెలియదు. కంటికి కట్టుంది కనుక చూడను కూడా లేదు. అయినా దాని తరఫున నిలబడ్డారు. పొద్దున్న కాఫీ దగ్గర మొదలుపెడితే సాయంత్రం ప్రార్థన దాకా అదే గొడవ. ప్రార్థనలో కూడా, "చిట్టచివర ఉన్నవాళ్ళని జ్ఞాపకం చేసుకో ప్రభువా," అని బల్ల వైపు తిరిగి ఆమెన్ అనేవారు.

నేను చదివి తెలుసుకున్న సంగతి ఒకటుంది. ఆ గొట్టంలో నీళ్ళు గిరగిరా తిరుగుతూనే ఉంటాయి కనుక అన్ని చోట్లా వేడి ఇంచుమించు ఒక్కలాగే ఉంటుంది. ఏది ముందు, ఏది వెనక అన్నదానితో పెద్ద తేడా రాదు. పంటకాలవ అయితే ఒకవైపే పారుతుంది, ఇది గుండ్రంగా తిరుగుతుంది. ఆ మాటే చెప్పాను.

"అమ్మాయ్, నీళ్ళ సంగతి నాకు చెప్తున్నావా?" అన్నారు శోభనాద్రి గారు.

"నీకు తెలీదులేమ్మా, నీళ్ళంటే అంత తేలిక కాదు," అన్నారు మావయ్యగారు. నెల మొత్తం మీద ఇద్దరూ ఏకాభిప్రాయానికి వచ్చింది ఆ ఒక్క విషయంలోనే. మా ఆయన నన్ను చూసి, "ఆ టేపు చివర కాస్త పట్టుకో స్వర్ణా," అన్నారు.

రోజులు గడిచాయి. వంతులవారీ పద్ధతి అనుకున్నారు. పొద్దున్న ప్రాసెసరుకి, మధ్యాహ్నం గ్రాఫిక్స్ కార్డుకి. అలా అయితే ఒకటి తడుస్తుంటే రెండోది కాలిపోతుందని విరమించుకున్నారు. ఏ నీళ్ళు పొయ్యాలన్నదాని మీద నాలుగు రోజులు పోయాయి. బందరు నీళ్ళు ఉప్పన, పనికిరావన్నారు. బ్యాటరీ నీళ్ళన్నారు. ప్రతిసారీ విప్పిన పెట్టెని జరిపి కొలవడం కష్టంగా ఉందని మా ఆయన చెప్పుల అట్టపెట్టె కోసి, అచ్చు అదే కొలతతో నమూనా చేశారు. నిజం చెప్పొద్దూ, చక్కగా కుదిరింది. అప్పట్నుంచి ముగ్గురూ ఆ అట్టపెట్టె చుట్టూనే కూర్చున్నారు. నా కంప్యూటరు బీరువా పక్కకి చేరింది.

నేను నాలుగుసార్లు అడిగాను. నెలాఖరు దగ్గరికొస్తోందండీ, పాత ఫ్యానే బిగించి ఇవ్వండి అని. ఒకసారి "ఊఁ" అన్నారు. ఒకసారి టీ పెట్టమన్నారు. పంతొమ్మిదో రోజున తీర్మానం వినపడింది. ఎవరికీ అన్యాయం జరక్కుండా రెండింటికీ వేరువేరు లైన్లు, వేరువేరు పంపులు, మేడ మీద రెండొందల లీటర్ల ట్యాంకు! రైసుకుక్కరంత కంప్యూటరుకి! వంటింట్లో నిలబడి నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను. మా అత్తగారు స్టవ్ తగ్గించి, "కంప్యూటరు ఎక్కడికైనా తీసుకెళ్ళిపోవే, ఎవరన్నా అడిగితే నేను చెప్తాలే," అన్నారు.

మర్నాడు పొద్దున్నే ఫోన్లో వీడియో చూస్తూ ఫ్యాను బిగించాను. నాలుగు మరలు, ప్రాసెసరు మీద రాసే పేస్టు చిటికెడు. ఇరవై నిమిషాలు పట్టింది. కంప్యూటరుని దుప్పట్లో చుట్టి, తెరతో సహా కూరల సంచిలో పెట్టి బస్సెక్కాను. పామర్రులో దిగి గుడివాడ బస్సు పట్టుకున్నాను. ముందే ఫోన్ చేసి అడిగితే యశస్విని గారు షాపు వెనక గది ఇస్తానన్నారు. ఆ గదిలో ఏసీ ఉంది. స్విచ్చి వేసి, పదో సెట్టు మొదలుపెట్టి, పెట్టె మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాను. గంట గడిచింది. వడ్డాణం, చంద్రహారం, బుట్టకమ్మలు, వంకీలు తెర మీద మెరుస్తూ తేలాయి. కంప్యూటరు ఆగలేదు.

కంప్యూటరు అక్కడే ఉంచి సాయంత్రం ఇంటికొచ్చాను. ఎవరూ ఏమీ అడగలేదు. రెండో రోజూ వెళ్ళాను. ఆ రోజూ అడగలేదు. పొద్దున్నే వండి పెట్టి వెళ్తున్నాను కనుక నేను ఇంట్లో లేనన్న సంగతే వాళ్ళకి తెలియలేదు. కంప్యూటరు పోయినట్టు తెలియకపోవడానికి అట్టపెట్టె ఉంది. నేను పోయినట్టు తెలియకపోవడానికి కూర గిన్నె ఉంది. దాని గురించి మాత్రం నాకు నిజంగానే బాధ వేసింది. బస్సులో కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను.

మూడో రోజు, అంటే నెలాఖరి రోజున, పొద్దున్న పదింటికి ఫోన్ వచ్చింది.

"స్వర్ణా, కంప్యూటరేది? కొలతలు ఫైనల్ చేస్తున్నాం."

"గుడివాడలో ఉందండీ."

"గుడివాడలో ఎందుకుంది?"

"నేనూ గుడివాడలోనే ఉన్నాను."

"నువ్వెప్పుడు వెళ్ళావు?" అన్నారు.

పన్నెండున్నరకల్లా చార్టు చుట్ట చంకలో పెట్టుకుని దిగారు. లోపలికి రాగానే పెట్టె మీద చెయ్యి వేసి చూశారు. "చల్లగా ఉందే," అన్నారు. ఆ మొహంలో దిగులు మీరు చూడాలి. జ్వరం తగ్గిందంటే బాధపడే డాక్టరుని నేను అప్పుడే చూశాను.

"మరి మా ప్లానో? రేపు పంపులు వచ్చేస్తాయి. నాన్న కూడా ఒప్పుకున్నాడు. నాకు ఒక్క మాట చెప్పొచ్చుగా?"

"నాలుగుసార్లు చెప్పానండీ," అన్నాను. గొంతు నాకు తెలియకుండానే లేచింది. "గ్రాఫిక్స్ కార్డుకి అన్యాయం జరుగుతోందని ముగ్గురు పెద్దమనుషులు పంతొమ్మిది రోజులు పోట్లాడుకున్నారు. దాంతో పని చేసుకునే మనిషి ఏమైపోతుందో ఒక్కరైనా అడిగారా? ఈ రోజుకి ఇవ్వకపోతే నా పేరు పోతుంది. ఎనిమిదేళ్ళకి ఒక్కసారి వచ్చిన పేరు!"

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. చాలాసేపు తెర వైపే చూశారు. సగం తేలిన హారం మీద రాళ్ళు ఒక్కొక్కటే మెరుస్తున్నాయి. ఆయన నా పనిని అంతసేపు చూడటం అదే మొదటిసారి.

"ఇంకెన్ని ఉన్నాయి?" అన్నారు మెల్లగా.

నా కోపం అంతా ఆ ఒక్క ప్రశ్నకి కరిగిపోయింది. "ఆరు," అన్నాను.

"ఆరా? టైము ఒంటిగంట." ఆయన చార్టు తిరగేసి, జేబులోంచి పెన్సిలు తీశారు. "ఒక్క నిమిషం ఆగు. ముందు ఏ సెట్టు చెయ్యాలి, తర్వాత ఏది అన్నది ఒక వరస వేసుకుంటే..."

నేను లేచి, ఆయన చెయ్యి పట్టుకుని, అద్దాల తలుపు బయట బెంచీ మీద కూర్చోబెట్టి తలుపు వేసుకున్నాను.

ఏడు దాటేసరికి ఆరు సెట్లూ అయిపోయాయి. యశస్విని గారు నలభై బొమ్మలూ తిప్పి తిప్పి చూసుకున్నారు. తర్వాత తలుపు తీసి, బయటున్న ఆయన్ని చూసి, నా వైపు తిరిగారు.

"మొదటి పేజీలో పేరు ఎలా వెయ్యమంటారండీ? సార్ పేరు కూడా కలపాలా?"

"స్వర్ణలత. అంతే," అన్నాను.

మా ఆయన తలెత్తి చూశారు. చేతిలో పెన్సిలు అలాగే ఉంది. ప్లానులో ఆయన ఇంకా రెండో సెట్టు దగ్గరే ఉన్నారు.